అరవై ముఖాలు, మూడు సెకన్లు

మొన్న ఎండాకాలం మునుగోడు దిక్కు ఒక హైస్కూల్లో మా పదో తరగతి బ్యాచ్ కలుసుకుంది. 1993-94 బ్యాచ్. ఈ ఆత్మీయ సమ్మేళనాలు ఇప్పుడు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మే నెల వచ్చిందంటే పెళ్ళిళ్ళతో పోటీగా జరుగుతున్నాయి. సార్లకు శాలువాలు, షామియానా, మధ్యాహ్నం బగారన్నం, ఎల్‌ఈడీ తెర మీద పాత ఫొటోలు. మాదీ అట్లాగే సాగింది.

తెర మీదికి మా గ్రూప్ ఫొటో వచ్చింది. ముందు వరుసలో కుర్చీల మీద సార్లు, వాళ్ళ కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని పొట్టివాళ్ళు, వెనుక నిలబడ్డవాళ్ళు, ఆ వెనుక బెంచీలెక్కిన పొడుగువాళ్ళు. నడుమ ఒక పలక, దాని మీద సుద్దముక్కతో తరగతి, సంవత్సరం. మొత్తం అరవై ముఖాలు. ఫొటో గిర్రున తిరుగుతూ వచ్చి నిలబడింది, జనం ‘ఓ’ అన్నారు, అంతలోనే ముక్కలు ముక్కలై ఎగిరిపోయి దాని జాగాలో వార్షికోత్సవం ఫొటో వచ్చి పడింది. మూడు సెకన్లు.

వెనుక వరుసలో ఒక తల్లీ బిడ్డా కూర్చున్నారు. మా తోటి చదివినవాడి భార్య, కూతురు. వాడు పదో తరగతి కాగానే అందరిలాగే భివండి పవర్‌లూమ్‌లకు పోయాడు. మా వైపు సాలోళ్ళ ఇండ్లలో మగ్గం నడవని కాలంలో చాలామంది పట్టిన దారి అది. అక్కడే బతికాడు, నాలుగేండ్ల కింద అక్కడే పోయాడు. ఇంట్లో వాడి పెండ్లి ఫొటోకు ముందుది ఒక్కటీ లేదు. ఇరవై ఏండ్ల ఆ పిల్ల తండ్రి చిన్నప్పుడు ఎట్లుండేవాడో చూద్దామని రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది.

“అన్నా, గది ఇంకొకసారి పెట్టుమనరాదే. మా బిడ్డ చూడనే లేదు” అని ఆమె నన్నడిగింది.

ఫొటో స్టూడియో నుంచి వచ్చిన పిలగాడు నొచ్చుకుంటూనే చెప్పాడు: “పాటతోని కట్ చేసినం అక్కా, వీడియో అయిపోయింది. మళ్ళ పెట్టినా గంతసేపే వస్తది.”

ఆ పిలగాడిది తప్పు కాదు. అడగవలసిన మాట మేమెవరమూ ముందు అడగలేదు. ఒక్కో ఫొటో ఎంతసేపు నిలవాలి? ఫంక్షన్ పెట్టుకునే ప్రతి ఇంటివాళ్ళూ అడగవలసిన మాట ఇది.

మూడు సెకన్లన్నది ఎక్కడి నుంచి వచ్చింది? పాట నుంచి. నాలుగు నిమిషాల పాట అంటే 240 సెకన్లు. మనం మొహమాటానికి పోయి అందరి దగ్గరా అన్ని ఫొటోలూ తీసుకుంటాం. నూటఇరవై పోగయ్యాయంటే ఒక్కోదానికి రెండు సెకన్లు. ఎనభై అయితే మూడు. అందులో తిరగడానికి, ఎగరడానికి, కరిగిపోవడానికి పెట్టిన హంగులు ఒక సెకను మింగుతాయి. కదలకుండా కంటికి ఆనేది మిగిలినంతే. మా గ్రూప్ ఫొటోలో ఒక్కో మనిషికి దక్కింది సెకనులో ఇరవయ్యో వంతు. రెప్ప వాల్చేంత కూడా కాదు. మనుషుల్ని చూడటానికి కూర్చుని, వాళ్ళకు కేటాయించే కాలాన్ని పాట నిడివికి అప్పజెప్పాం. ఇది మర్యాద కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మన దగ్గర బొమ్మలు చూపించే విద్య కొత్తది కాదు. చేర్యాల నకాషీలు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి గీసిన పటాలను కథ చెప్పే కులాలవాళ్ళు ఊరూరా తిప్పేవారు. పద్మశాలీల ఇండ్ల ముందు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం, గౌండ్ల దగ్గర గౌడజెట్టీలు, ముదిరాజుల దగ్గర కాకిపడగలవాళ్ళు. మూరల కొద్దీ పొడుగున్న పటం చుట్ట విప్పుకుంటూ, ఒక్కో బొమ్మ మీద కర్ర ఆనించి కథ నడిపేవారు. మార్కండేయ పురాణంలోని భావనారుషి పెండ్లి బొమ్మ ఎంతసేపు నిలవాలన్నది ముందే రాసిపెట్టిన లెక్క కాదు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ కండ్లు తుడుచుకుంటే కర్ర అక్కడే ఆగేది. పిల్లలు ఆవులిస్తే ముందుకు జరిగేది. చూసేవాళ్ళ ముఖాలను బట్టి బొమ్మ నిలిచేది. కంప్యూటర్ దగ్గర మనం పోగొట్టుకున్నది ఆ కర్ర.

మనుషులు ఒక బొమ్మను నింపాదిగా ఎంతసేపు చూస్తారన్నదానికీ లెక్క ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో చిత్రం ముందు ఎంతసేపు నిలుస్తున్నారో గమనించి జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ 2001లో ప్రచురించారు. సగటున 27 సెకన్లు. అవి ఎవరో గీసిన, ఎవరివో బొమ్మలు. మన బాపు, మన అవ్వ, మన పక్క బెంచీవాడు ఉన్న ఫొటోకు మనం ఇస్తున్నది అందులో తొమ్మిదో వంతు.

దీన్ని సరిచేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పవర్‌పాయింట్‌లో ఇన్‌సర్ట్ కింద ‘ఫొటో ఆల్బమ్’ ఉంటుంది, ఫోల్డర్‌లో ఫొటోలన్నీ ఒక్కసారే ఎక్కుతాయి. తర్వాత ట్రాన్సిషన్స్‌లో కుడి చివర ‘ఆఫ్టర్’ అనే గడి. అందులో పది సెకన్లు పెట్టి ‘అప్లై టు ఆల్’ నొక్కితే అన్నిటికీ అదే కాలం వర్తిస్తుంది. చాలామంది ఇక్కడితో లేచిపోతారు. లేవొద్దు. ఆ తర్వాత గ్రూప్ ఫొటో ఒక్కటీ ఎంచుకుని దానికి విడిగా నలభై సెకన్లో నిమిషమో ఇవ్వాలి. చనిపోయినవాళ్ళ ఫొటోల దగ్గర ‘ఆఫ్టర్’ ముందున్న టిక్కు తీసేయండి, ‘ఆన్ మౌస్ క్లిక్’ మాత్రం ఉంచండి. మనం నొక్కేదాకా ఆ ముఖం తెర మీదే ఉంటుంది. షో నడుస్తుండగా ఎవరైనా ఆగమంటే కీబోర్డు మీద ‘ఎస్’ నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే సాగుతుంది. పటం కథ చెప్పేవాడి చేతి కర్ర మళ్ళీ మన చేతికి వచ్చినట్టే.

ఊరికే ఉచితంగా దొరికే ఇర్ఫాన్‌వ్యూలో ‘డబ్ల్యూ’ నొక్కితే స్లైడ్‌షో గడులు తెరుచుకుంటాయి, ఎన్ని సెకన్లన్నది మనమే అంకె వేయవచ్చు. వీఎల్‌సీలో ఫొటోలు వేస్తే మనం మార్చకుండానే పదేసి సెకన్లు నిలుస్తాయి. పాత విండోస్ ఫొటో వ్యూయర్‌లో అంకె లేదు గానీ, షో నడుస్తున్నప్పుడు మౌస్ కుడి మీట నొక్కితే స్లో, మీడియం, ఫాస్ట్ అని మూడుండేవి. కొన్నిటిలో కాలం మార్చే దారే ఉండదు, అట్లాంటివి ఫంక్షన్‌కు పనికిరావు. స్టూడియోవాళ్ళు వీడియో చేసి ఇస్తే అందులో కాలం గడ్డకట్టిపోయినట్టే, పాజ్ నొక్కడం తప్ప వేరే దారి లేదు. కాబట్టి వీడియోతో పాటు ఫొటోల ఫోల్డర్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇమ్మని అడగండి. తప్పకుండా ఇస్తారు.

ఎన్ని ముఖాలుంటే అంత కాలం అన్నది మంచి కొలత. ఒక్క మనిషికి పది సెకన్లు, ఇంటిల్లిపాదికి ఇరవై, తరగతికి నిమిషం. అయితే ముఖాల లెక్క ఒక్కటే చాలదు. కృష్ణ ఒడ్డున పాలమూరు పల్లెలు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగాయి. 1981లో ఇండ్లు ఖాళీ చేసి వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు, డెబ్భై దాటినవాళ్ళు. అట్లాంటి ఊరి పాత ఫొటో ఒక్కటి దొరికిందనుకోండి. అందులో మనిషే ఉండకపోవచ్చు. ఒక వీధి, ఒక రావిచెట్టు, ఒక గుడి ధ్వజస్తంభం. చిన్నవాళ్ళకు అది పాత ఫొటో. ఆ పెద్దాయన మాత్రం చెట్టు దగ్గర మొదలుపెట్టి ఇల్లిల్లూ లెక్కపెట్టుకుంటూ తన గడపదాకా నడిచిపోవాలి. అంత దూరం నడవడానికి కాలం కావాలి కదా. కాబట్టి రెండో కొలత: చూసేవాళ్ళలో అందరికంటే పెద్దవాళ్ళ కంటిచూపు. ముసలి కన్ను తెర మీద వెలుతురుకు కుదురుకోవడానికే కాసేపు పడుతుంది. అంతకు తక్కువ పెడితే వాళ్ళను పిలవనట్టే.

అట్లయితే గంట పడుతుంది, జనం లేచిపోతారంటారు. ఫొటోలు తగ్గించండి. నాలుగు నిమిషాల్లో పది సెకన్ల చొప్పున ఇరవైనాలుగు పడతాయి. నూటఇరవైలోంచి ఇరవైనాలుగు ఏరడం కష్టమే, ఒకరిద్దరు అలుగుతారు కూడా. అయినా ఏరాలి. ఒకే శాలువా సన్మానం ఆరు దిక్కుల నుంచి తీసినవి ఆరూ వేయాల్సిన పని లేదు. రెండు పాటలు పెట్టుకున్నా తప్పేమీ లేదు. అసలు ఆ కాసేపు పాటే వద్దని నా మాట. ఫొటో వచ్చినప్పుడు “వీడే కదరా మన గోడ దూకినోడు” అని వెనుక నుంచి ఒకడు అరిస్తే, ఆ అరుపు అందరికీ వినపడాలి.

ఆ రోజు భోజనాలయ్యాక ఒక మిత్రుడి ల్యాప్‌టాప్‌లో ఆ గ్రూప్ ఫొటో దొరికింది. దాన్ని తెరకెక్కించి అట్లాగే వదిలేశాం. ఆ పిల్ల తెర దగ్గరికి నడిచి వెళ్ళింది. “మా బాపు ఏడి?” అంది. మూడో వరుస, ఎడమ దిక్కు నుంచి ఐదోవాడు. చొక్కా మెడ దగ్గర గుండీ లేక పిన్నీసు పెట్టుకున్నాడు. ఆ పిన్నీసు నేను ముప్పై ఏండ్లలో ఒక్కసారీ గమనించలేదు. ఆ పిల్ల చూసింది. తల్లిని పిలిచి చూపించింది. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. సార్లు కూడా కుర్చీలు ముందుకు జరుపుకుని ఒక్కొక్క పేరూ గుర్తుచేసుకున్నారు. షామియానావాళ్ళు గుంజలు పీకేదాకా ఆ ఫొటో తెర మీదే ఉంది.

తర్వాతి ఆదివారం నలుగురం కూర్చుని ఆ షో మళ్ళీ చేశాం. ఫొటోలు ఇరవైఆరుకు తగ్గాయి. పాట తీసేశాం. గ్రూప్ ఫొటోకు నిమిషం ఇచ్చాం. ఒక పెన్‌డ్రైవ్ బడిలో ఇచ్చాం, ఇంకొకటి భివండికి పంపాం.