ఆరోగ్య శీర్షిక: నెల తప్పితే...

"నెల తప్పింది" అంటే మన భాషలో ఒకటే అర్థం. కాని నెల తప్పడానికి గర్భం కాక వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి. గర్భం ఉండి కూడా "చలికి ఆలస్యమైంది" అనుకుని రెండు మూడు నెలలు గడిపేసేవారూ ఉన్నారు. ఇంటి దగ్గరైతే అమ్మనో, అత్తగారినో, వదిననో అడిగేవాళ్ళం. ఇక్కడ ఆ వీలు తక్కువ. అందుకే ఈ నెల ఈ విషయం వ్రాస్తున్నాము. మగవారు కూడా చదవవలసిందిగా మనవి.

ముందు లెక్క చూద్దాం. ముట్టయిన మొదటి రోజు నుంచి మళ్ళీ మొదటి రోజు దాకా 24 నుంచి 38 రోజులు పట్టడం మామూలే. అండం విడుదలయ్యేది తరువాతి ముట్టుకు సుమారు 14 రోజుల ముందు. అంటే ముట్టయ్యాక గాని ఆ రోజు ఏదో తెలియదు. కాబట్టి నెలసరి సక్రమంగా రానివారు "భయంలేని రోజుల" లెక్కను నమ్ముకోరాదు. గోడమీది తెలుగు క్యాలెండరులో మొదటి రోజున ఒక చుక్క పెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అదే.

బెంగ, రాత్రి షిఫ్టులు, బరువులో హెచ్చుతగ్గులు, థైరాయిడు, పి.సి.ఓ.ఎస్. వంటివి నెలసరిని తారుమారు చేస్తాయి. అయినా ముందు తేల్చుకోవలసింది గర్భం సంగతి. ఇంట్లో చేసుకునే గర్భపరీక్షను 1967లో మార్గరెట్ క్రేన్ అనే డిజైనరు రూపొందించారు. అది మొదట అమ్మకానికి వచ్చింది ఈ కెనడాలోనే, 1971లో. అప్పుడు ఫలితానికి రెండు గంటలు పట్టేది, ఇప్పుడు కొద్ది నిమిషాలే. రావలసిన తేదీ దాటగానే చేసుకోవచ్చు. తేదీ తెలియనివారు కలయిక జరిగిన మూడు వారాలకు చేసుకోవాలి. లేదని వచ్చినా ముట్టు కాకపోతే వారం తరువాత మళ్ళీ చూసుకోవాలి. మూడు నెలలు వరుసగా రాకపోతే పరీక్షలో లేదని వచ్చినా డాక్టరును కలవాలి.

మన ఇళ్ళలో తరచు వినే మాటలు మూడు.

ఒకటి, "పాలిస్తున్నాను, నాకేం కాదు." బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, తల్లిపాలు తప్ప మరేమీ పట్టకుండా, ముట్టు మొదలవకుండా ఉంటేనే ఈ మాట నిజం. మూడింటిలో ఒకటి తప్పినా రక్షణ పోయినట్లే. ముట్టు తిరిగి మొదలవడానికి ముందే అండం విడుదల కావచ్చు.

రెండు, "వ్రతానికని మాత్రలు వేసుకున్నాను, అందుకే రాలేదు." ముట్టు వాయిదాకు వేసుకునే మాత్రలు గర్భనిరోధక మాత్రలు కావు. అవి మానిన రెండు మూడు రోజుల్లో ముట్టు కావాలి. వారమైనా కాకపోతే పరీక్ష చేసుకోండి.

మూడు, "ఇండియా నుంచి తెచ్చుకున్నవే వేసుకుంటున్నాను." మాలా-డి పొట్లంలో 28 మాత్రలుంటే చివరి 7 ఇనుము మాత్రలే. సహేలి వేరే రకం: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి. దానితో నెలసరి ఆలస్యం కావడం కద్దు. ఇక్కడి డాక్టర్లకు ఆ పేరు తెలియకపోవచ్చు, పొట్లం వెంట తీసుకువెళ్ళండి. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవని గుర్తుంచుకోండి.

మాత్ర మరచిపోయినా, తొడుగు చినిగినా ప్లాన్ బి మాత్ర చీటీ లేకుండానే ఫార్మసీలో దొరుకుతుంది. 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. అయిదు రోజుల్లోగా డాక్టరు చేత కాపర్ లూప్ వేయించుకుంటే ఇంకా గట్టి రక్షణ.

ఈ దేశంలో 1969 వరకు గర్భనిరోధక సాధనాలు అమ్మడం నేరం. 2023 ఏప్రిల్ నుంచి బ్రిటిష్ కొలంబియాలో చాలా రకాలు ఉచితంగా ఇస్తున్నారు. మీరు డాక్టరుతో చెప్పినది మీ అనుమతి లేకుండా భర్తకు గాని, అత్తగారికి గాని చెప్పరు. భాష ఇబ్బందైతే పిల్లల చేత చెప్పించకండి. దుబాసీ కావాలని అడగండి.

చివరగా, నెల తప్పిన తరువాత పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, రక్తస్రావం, కళ్ళు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే అది గర్భసంచి బయట నిలిచిన గర్భం కావచ్చు. ప్రాణాపాయం. తెల్లవారనిద్దాం అనుకోవద్దు, వెంటనే 911కు ఫోను చేయండి.