మన గూడెం గురించి మనమే రాద్దాం



తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్న మాట: "అన్నా, బ్లాగు రాస్తే నిజంగా డబ్బులొస్తాయా?" వస్తాయి. కానీ వెంటనే రావు, ఎక్కువా రావు. "నెలకు యాభై వేలు గ్యారంటీ" అని నమ్మించే కోర్సులకు స్కాలర్‌షిప్ డబ్బులు పోసి మోసపోయినవాళ్లు మనలోనే ఉన్నారు. అందుకే ముందే చెప్తున్నాం.

బ్లాగర్‌లో బ్లాగు తెరవడానికి రూపాయి కట్టక్కర్లేదు. 2018 నుంచి గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకూ ప్రకటనలిస్తోంది. దానికి 18 ఏళ్లు నిండాలి. ఖాతాలో 10 డాలర్లు చేరితే పిన్ నంబరుతో ఉత్తరం పోస్టులో వస్తుంది. 100 డాలర్లు అయ్యాకే బ్యాంకులో పడతాయి. మనవాళ్లు ఆగిపోయేది ఆ ఉత్తరం దగ్గరే. గూడేనికి ఉత్తరం ఎప్పుడొస్తుందో తెలియదు, హాస్టల్ అడ్రస్ ఇస్తే సెలవుల్లో తాళం. కాబట్టి ఉత్తరం నిజంగా చేరే అడ్రస్ ఇవ్వండి, పోస్టుమాస్టర్‌కి ముందే చెప్పి ఉంచండి.

మరి ఏం రాయాలి? సినిమా వార్తలు కాపీ కొడితే యాడ్‌సెన్స్ ఒప్పుకోదు. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. దాని గురించి టూరిస్టులు బోలెడు రాశారు. పండు ఏ రంగుకొస్తే కోయాలి, వాన పడితే ఆరబెట్టిన గింజ ఏమవుతుంది, సంతలో ఎంత పలికింది, ఇవి పండించే ఇంటి పిల్లలకే తెలుసు. ఇటుకల పండగైనా, నాగోబా జాతరైనా అంతే. మన బతుకు మీద వేరేవాళ్లు రాసి సంపాదిస్తుంటే మనం చూస్తూ కూర్చోవడం ఏం న్యాయం?

గోండి, కోయ, కువి భాషలు యాడ్‌సెన్స్ జాబితాలో లేవు. తెలుగులోనే రాద్దాం, కానీ చెట్టు పేరు, పండగ పేరు మన భాషలోనే పెడదాం.

ఒక్క హద్దు మాత్రం ఉండాలి. మందుచెట్టు ఎక్కడుందో రాస్తే రేపు వ్యాపారి సంచి పట్టుకొని దిగుతాడు. పూజ విషయాలు పెద్దలను అడక్కుండా రాయొద్దు. అవ్వ ఫొటో పెట్టాలన్నా అవ్వనే అడగాలి. 100 డాలర్ల కోసం ఊరి నమ్మకం అమ్ముకోకూడదు.

మొదటి డబ్బు పడటానికి ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. చదువు, డీఎస్సీ ప్రిపరేషన్ మానొద్దు. వారానికి ఒక్క పేజీ చాలు. ఈ ఆదివారం మీ ఊరి సంత గురించి రాసి ఇక్కడ పెట్టండి. తప్పులుంటే కలిసి దిద్దుకుందాం.