చెట్టు పేరు బెరడే చెబుతుంది

19వ శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో పాటే ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్ చేరాయి. ఝపటాపూర్ వంటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. అయితే పరాయి రాష్ట్రంలో ఇంటి మాట నిలిచినంత తేలికగా చెట్ల పేర్లు నిలవవు. బడిలో, బజారులో ఆ చెట్టుకు మరో పేరు ఉంటుంది. తెలుగు పేరు మరుగున పడితే, చెట్టును గుర్తుపట్టే ఒక పద్ధతి కూడా దానితో పాటే పోతుంది.

మద్ది చెట్లనే చూడండి. బెంగాల్‌లో అర్జున్, ఆసన్ అనే పేర్లు వింటే వాటి చుట్టరికం తెలియదు. తెలుగులో అవి తెల్లమద్ది, నల్లమద్ది. మొదటిదాని బెరడు నున్నగా, పాలిపోయిన రంగులో ఉండి పెచ్చులుగా ఊడుతుంది. రెండోదాని బెరడు నల్లగా, మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. వృక్షశాస్త్రం కూడా ఈ రెంటినీ టెర్మినాలియా అనే ఒకే ప్రజాతిలో చేర్చింది. తెల్లతుమ్మ, నల్లతుమ్మ పేర్లూ ఇలాంటివే. తెల్లతుమ్మ శాస్త్రనామంలోని ‘ల్యూకోఫ్లోయియా’ అనే మాటకు అర్థం తెల్ల బెరడు అనే.

బెరడులో ఇన్ని తేడాలు ఎందుకు? కాండం ఏటా లావెక్కుతుంది. బయటి బెరడు మృతకణాల పొర కనుక దానితో పాటు సాగలేదు. పగలాలి, లేదా ఊడిపోవాలి. ఆ తీరు జాతిని బట్టి మారుతుంది. పశ్చిమ మేదినీపూర్ అడవుల్లో విస్తారంగా కనిపించే గుగ్గిలం చెట్టుకు, అంటే శాల్‌కు, ముదిరిన బెరడు మీద పొడవాటి నిలువు చీలికలు ఏర్పడతాయి. ఒకప్పుడు రైలు పట్టాల కింద స్లీపర్లుగా ఈ కలపనూ వాడేవారు. నీలగిరి బెరడు పొడవాటి పట్టీలుగా ఊడుతుంది. జామ బెరడు పలుచని పొరలుగా రాలి, నున్నని కాండం బయటపడుతుంది.

పాఠాల్లో చెట్టును గుర్తించడమంటే ఎక్కువగా ఆకు, పువ్వు గురించే. కానీ పెద్ద చెట్టు ఆకు పిల్లలకు అందదు, పువ్వు కొద్దిరోజులే ఉంటుంది. బెరడు ఏడాది పొడవునా చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది. దానికి చెట్టు ఆకారం తోడవుతుంది. ఆకులు రాల్చిన బూరుగును అంతస్తులుగా అడ్డంగా చాచిన కొమ్మలతో, లేత మాను మీది ముళ్లతో దూరం నుంచే పోల్చుకోవచ్చు.

బెరడు ఒక్కటే చాలదన్నదీ నిజమే. లేత చెట్టు నున్నగా ఉండి ముదిరాక పగలవచ్చు. అందుకే మొదట బెరడు, ఆకారం చూసి ఊహించాలి, తర్వాత ఆకు, పువ్వు, కాయలతో సరిచూసుకోవాలి. పరిశీలన, ఊహ, నిర్ధారణ అనే శాస్త్రీయ పద్ధతి కూడా ఇదే.

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. కాగితం బెరడు మీద ఆనించి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. దాని కింద తెలుగు, బెంగాలీ, శాస్త్ర నామాలు మూడూ రాయించాలి. తెలుగు పేరు ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకోవాలి. పేరు తెలియని చెట్టును రేపు ఎవరైనా నరికితే, పోయిందేమిటో ఆ వీధిలో ఎవరూ చెప్పలేరు.