కుక్కలకు షెల్టర్ కడితే సరిపోతుందా?

తెనాలి గంగానమ్మపేటలో అయినా, బాపట్లలో అయినా, రేపల్లెలో అయినా నలుగురు ఆడవాళ్లు చేరితే వీధికుక్కల మాట రాకమానదు. "చంపేస్తే పీడా పోతుంది" అని ఒకరంటే, "అయ్యో, నోరులేని జీవాలు! ఎక్కడైనా షెల్టర్‌లో పెట్టి ఇంత అన్నం పడేస్తే సరి" అని ఇంకొకరు. రెండో మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ సంసారం నడిపేవాళ్లం కదా, కాస్త లెక్క వేసి చూద్దాం.

భయం ఉత్తదేమీ కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక పసివాణ్ణి కుక్కలు కరిచి చంపేశాయి. అయినా, చంపడం వల్ల కుక్కలు తగ్గవు. ఖాళీ అయిన వీధిలోకి పక్కవీధివి వచ్చి చేరతాయి. అందుకే 2001 నాటి కేంద్ర నిబంధనలు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలమన్నాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22నే దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని టీకా వేసి వదలమంది. నవంబరు 7న మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దని, షెల్టర్లలో ఉంచమని చెప్పింది.

సరే, ఉంచుదాం. యాభై కుక్కలకు షెల్టర్ కట్టారనుకోండి. ఒక్కదాన్నీ చంపరు. పెంచుకుంటామని వచ్చేవాళ్లు తక్కువ. కుక్క పదేళ్లు బతికే ప్రాణి. అంటే మొదటి నెలలో నిండిన షెల్టర్ ఏళ్ల తరబడి ఖాళీ కాదు. మరి యాభై ఒకటో కుక్క? వద్దంటే వీధిలోనే ఉంటుంది. రానిస్తే అన్నీ ఇరుక్కుని, కాట్లాడుకుని, పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు అంటుకుని పోతాయి. అమెరికాలో చంపబోమనే షెల్టర్లు కొన్ని నిండగానే తలుపులు మూసేస్తాయి. మన దగ్గర వేములవాడ రాజన్నకు మొక్కుగా ఇచ్చిన కోడెలు గోశాలలో కిక్కిరిసిపోయి, 2025 వేసవిలో వరసగా చనిపోయాయి. ఆ తర్వాత రైతులకు పంచారు. అక్కడెవరూ చంపాలనుకోలేదు, చోటు చాలలేదంతే.

ఇటు షెల్టర్ నిండుతుంటే అటు వీధిలో ఆడకుక్క రెండు నెలలు మోసి నాలుగైదు పిల్లల్ని పెడుతుంది, ఏడాదికి రెండుసార్లు. కుళాయి కట్టకుండా నేల తుడుస్తూ కూర్చుంటే నీళ్లు తగ్గుతాయా? ఆ కుళాయి కట్టడమే ఆపరేషన్. ముందు ఆడకుక్కలకు జరగాలి. పిల్లల కాపలాలో మీదపడే తల్లికుక్కలూ తగ్గుతాయి. షెల్టర్ కరిచేవాటికి, గాయపడ్డవాటికి, జబ్బుపడ్డవాటికి ఉండాలి.

ఇంటి దగ్గర మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

- పెంపుడు కుక్కకు ఆపరేషన్, ఏటా రేబిస్ టీకా తప్పనిసరి.

- పుట్టిన పిల్లల్ని గోనెసంచిలో వేసి పక్క ఊళ్లో వదిలిరావద్దు. అది మన బెడదను వాళ్ల గుమ్మంలో పెట్టడమే.

- అన్నం పెడితే పిల్లలు తిరగని ఒకేచోట, ఒకే వేళకు పెట్టండి. మచ్చికైన కుక్కను టీకాకు పట్టుకోవడం తేలిక. ఎంగిలి మెతుకులు కవరులో కట్టి వీధిలోకి విసరవద్దు.

- కుక్క కరిస్తే పసుపు, కారం, సున్నం పూయకండి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆరోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. టీకా అన్ని డోసులూ వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు కనపడ్డాక ఇక మందు పనిచేయదు.

ఈసారి మునిసిపల్ ఆఫీసుకు వెళితే "కుక్కల్ని ఎప్పుడు తీసుకెళ్తారు?" అని మాత్రమే అడగకండి. "ఈ నెల ఎన్ని ఆడకుక్కలకు ఆపరేషన్ చేశారు?" అని కూడా అడగండి. నలుగురు కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు. ఏమంటారు?