బ్యాటరీ పుట్టిన నెల అడగండి

దోహా నగరం పక్కన ఇండస్ట్రియల్ ఏరియా ఉంది. అక్కడ వీధులను నంబర్లతోనే పిలుస్తారు. గ్యారేజీలు, టైర్ల షాపులు, బ్యాటరీ షాపులు వరసగా ఉంటాయి. ఈ నెల మన మాటలు అక్కడివే. ఖతార్‌లో లారీలు, వాటర్ ట్యాంకర్లు, కఫీల్ ఇంటి కార్లు నడిపేవాళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. కొందరిది గోదావరి జిల్లాలు, కొందరిది కరీంనగర్, నిజామాబాద్ వైపు. మీ ముత్తాతలు కాగితం మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కారు. వీళ్లు కాంట్రాక్టు మీద సంతకం పెట్టి విమానం ఎక్కారు.

బండి కదలకపోతే వీళ్లు ఏమంటారో వినండి.

గోదావరి ఆయన: "సెల్ఫ్ తీసుకోవట్లేదండి. బ్యాటరీ దిగిపోయినట్టుంది."

కరీంనగర్ ఆయన: "సెల్ఫ్ తీస్కుంటలేదన్నా. బ్యాటరీ దిగినట్టుంది."

సెల్ఫ్ అంటే ఇంజిన్‌ని తిప్పి లేపే చిన్న మోటారు. తాళం తిప్పడాన్ని "సెల్ఫ్ కొట్టడం" అంటారు. ఛార్జింగ్ అయిపోతే బ్యాటరీ "దిగిపోయింది". ఛార్జింగ్ పెడితే "ఎక్కుతుంది". ఎంత పెట్టినా ఎక్కకపోతే "పోయింది". మనిషి పోయాడు అన్నట్టే. ఈ మూడు మాటలూ వస్తే ఏ తెలుగు మెకానిక్‌తోనైనా మాట్లాడొచ్చు. అరబ్బీలో బ్యాటరీని బత్తారియ్యా అంటారు. అది కూడా నేర్చుకోండి, షాపులో పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. బ్యాటరీని చలి చంపుతుందని చాలామంది అనుకుంటారు. చలిలో అది నీరసపడుతుంది, నిజమే. కానీ దాని ఆయుష్షు తినేది ఎండ. మన ఊళ్లలో రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తె రెండు వారాలే. ఖతార్‌లో మే నుంచి సెప్టెంబరు దాకా అదే ఎండ. నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, బానెట్ కింద ఇంకా ఎక్కువ. ఆ వేడికి లోపలి నీళ్లు ఆవిరవుతాయి, సీసపు పలకలు తినేసుకుపోతాయి. చల్లని దేశంలో నాలుగైదేళ్లు వచ్చే బ్యాటరీ ఇక్కడ రెండేళ్లు వస్తే డ్రైవర్లు సంతోషిస్తారు.

షాపులో మీకు ముందుగా చూపించేది సి.సి.ఎ. అనే అంకె. అది పెద్దదైతే బ్యాటరీ గొప్పదని చెబుతారు. ఆ అంకె ఎలా వస్తుందో తెలుసా? మైనస్ 18 డిగ్రీల చలిలో, 30 సెకన్లపాటు ఎంత కరెంటు ఇవ్వగలదో కొలుస్తారు. దోహాలో జనవరి రాత్రి కూడా సుమారు 13 డిగ్రీలు ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌కి బలం కావాలి కాబట్టి, బండి పుస్తకంలో రాసిన అంకెకు తగ్గకండి. అంతకు మించి డబ్బు పోయకండి. అదే డబ్బాలో ఆ అంకె పెంచాలంటే పలచటి పలకలు ఎక్కువ కుక్కాలి. పలచటి పలక వేడికి ముందు పోతుంది.

నేనైతే మొదట అడిగేది పుట్టిన నెల. బ్యాటరీ షాపులో ఊరికే కూర్చున్నా దిగిపోతూనే ఉంటుంది. వేడి గోడౌన్లో ఇంకా త్వరగా దిగుతుంది. అలా దిగి చాలాకాలం ఉంటే పలకల మీద గట్టి పొర కడుతుంది. తర్వాత ఎక్కించినా పూర్తిగా ఎక్కదు. తయారైన తేదీ డబ్బా మీద ముద్ర వేసి ఉంటుంది. కొన్ని కంపెనీలు నెలకు ఒక అక్షరం, ఏడాదికి ఒక అంకె వేస్తాయి. అర్థం కాకపోతే మొహమాటపడకుండా అడగండి: "అన్నా, ఇది ఎప్పుడు తయారైంది?" మూడు నెలల లోపుదైతే మంచిది. ఆరు నెలలు దాటితే ధర తగ్గించినా వద్దనండి. తర్వాత మీటరు పెట్టమనండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.4 చూపిస్తే పావు వంతు దిగినట్టే. తేదీ వేసిన వారంటీ కార్డు తీసుకోండి. లారీకి వారంటీ తక్కువ ఉండొచ్చు, ముందే అడగండి.

లారీల సంగతి వేరు. పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తాయి. ఒకటి పోయిందని ఒక్కటే మార్చేవాళ్లున్నారు. పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. కంపెనీ డబ్బు ఇవ్వకపోతే డ్రైవరు ఏం చేస్తాడు, నిజమే. కానీ జూలై మధ్యాహ్నం సల్వా రోడ్డు మీద బండి ఆపి, మళ్లీ సెల్ఫ్ తీసుకోకపోతే ఏసీ ఉండదు. ఆ ఎండలో క్యాబిన్‌లో అరగంట కూడా ఉండలేం. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. అంత ఎండ. జత మార్చమని కంపెనీని గట్టిగా అడగండి.

ఇక ఇసుక దిబ్బలు. మెసయీద్ దాటి సీలైన్, ఖోర్ అల్ అదైద్ వైపు సెలవు రోజున ల్యాండ్ క్రూజర్లు, పెట్రోల్‌లు బారులు తీరుతాయి. పెట్రోల్ అంటే నిస్సాన్ బండి పేరు, ఇంధనం కాదు! అక్కడ బ్యాటరీకి కుదుపే శత్రువు. బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపు వదులైతే పలకలు రాలిపోతాయి. బయల్దేరే ముందు చేత్తో ఊపి చూడండి. కదలకూడదు. ఏ.జి.ఎం. రకం కుదుపుకి బాగా ఆగుతుంది, వంగినా యాసిడ్ ఒలకదు. కానీ ఇంజిన్ వేడి పక్కన అది కూడా త్వరగా పోతుంది, ధర కూడా ఎక్కువ. ఫ్రిజ్, లైట్లు పెట్టుకుని రాత్రి అక్కడే ఉండేవాళ్లకు వేరే రెండో బ్యాటరీ మంచిది. మొదటిది సెల్ఫ్ కోసం దాచుకోవాలి. టైర్లకు గాలి కొట్టేటప్పుడు ఇంజిన్ ఆపకండి. ఆటోమేటిక్ బండిని తోసి స్టార్ట్ చేయలేం. గేరు బండినైనా ఇసుకలో ఎవరు తోస్తారు? ఒంటరిగా వెళ్లకండి, జంపర్ కేబుళ్లు మర్చిపోకండి.

మూతలున్న బ్యాటరీ అయితే నెలకోసారి నీళ్లు చూడండి. దోహా కుళాయి నీళ్లు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసినవే కదా, అవే పోద్దామని కొందరంటారు. వద్దు. తాగడానికి అందులో మళ్లీ ఖనిజాలు కలుపుతారు. డిస్టిల్డ్ వాటర్ సీసా చవకే.

పాతదాన్ని చెత్తలో పడేయకండి, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. షాపులో ఇస్తే బిల్లులో కొంత తగ్గిస్తారు. "పాతది ఇస్తే ఎంత తగ్గిస్తారు?" ఈ వాక్యాన్ని ఇంట్లో గట్టిగా రెండుసార్లు చదవండి. బ్యాటరీ దిగిపోతే మీ తాతగారు ఏమనేవారో మాకు రాయండి.