నియమింపఁబడినవారా? ఎన్నుకొనఁబడినవారా?

మన పొలము మీఁదుగా బాట పోవలెనా, మన చెఱువు చెఱువుగా నిలువవలెనా యని నిర్ణయించు సభకు సభ్యులను బంపువా రెవరు?

1993 జూన్ 1 నుండి యమలులోనున్న 74వ రాజ్యాంగసవరణము దీనికి స్పష్టముగా బదులు చెప్పినది. పది లక్షలకుఁ దక్కువగాని జనసంఖ్యగల మహానగరప్రాంతమునకు ప్రణాళికాసంఘ ముండవలెను. అందు మూఁడింట రెండువంతులకుఁ దక్కువగాకుండ సభ్యులను పురపాలకసంఘ సభ్యులును, పంచాయతీల యధ్యక్షులును దమలోనుండి యెన్నుకొనవలెను.

ఆచరణ మెట్లున్నది? హైదరాబాదునకు ప్రణాళిక గీయుచున్నది 2008లో నేర్పడిన మహానగరాభివృద్ధి సంస్థ. దాని యధ్యక్షుఁడు ముఖ్యమంత్రి. తక్కిన పీఠములలోఁ బెక్కులు పదవిచేతనో, ప్రభుత్వ నియామకముచేతనో నిండునవి.

ప్రణాళిక నిపుణుల పని, గ్రామాధ్యక్షున కేమి తెలియునని కొంద ఱాక్షేపింతురు. ఔషధము వైద్యుఁడే నిర్ణయించుఁగాక. నొప్పి యెచ్చటనో చెప్పవలసినవాఁడు రోగియే గదా! నిపుణులకు మిగిలిన మూఁడవవంతులోఁ జోటున్నది. నియమింపఁబడినవాఁడు నియమించినవాని ముఖము చూచును. ఎన్నుకొనఁబడినవాఁడు మరల మన గడప కెదురుగా నిలువవలసినవాఁడు.

గృహస్థులారా! ఓటడుగ వచ్చినవానిని వీధిదీప మెప్పుడని మాత్రమే యడిగి యూరకుండకుఁడు; ప్రణాళికాసంఘమున కెన్నిక యెప్పుడనియు నడుగుఁడు. అడుగని హక్కు అటకమీఁది తాళపత్రమువలెఁ జెదల పాలగును.