పిండానికి పరుపు పలుచనైతే?

పెళ్లయి రెండేళ్లయినా కడుపు పండకపోతే పరీక్షలు మొదలవుతాయి. అండం విడుదలవుతోందా, ట్యూబులు తెరుచుకున్నాయా, భర్త వీర్యంలో కణాలు సరిపడా ఉన్నాయా అన్నవి చూస్తారు. (భర్త పరీక్షకు వచ్చేది చాలా ఇళ్లలో ఆఖర్నే, అది వేరే సంగతి!) అన్నీ సవ్యంగా ఉన్నా నెల తప్పకపోతే అప్పుడు దృష్టి పడేది గర్భసంచి లోపలి పొర మీద. వైద్యులు దీన్ని ఎండోమెట్రియం అంటారు.

నెలనెలా రక్తంతో పాటు ఊడిపోయేది ఈ పొరే. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ ప్రభావంతో మళ్లీ పెరిగి, అండం విడుదలయ్యే నాటికి సాధారణంగా 8 నుంచి 12 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఆపైన పని ప్రొజెస్టెరాన్‌ది. అది పొరలోని గ్రంథుల్లో పోషకాలు నింపి, పిండం కుదురుకునేలా మెత్తబరుస్తుంది. పిండాన్ని అంటించుకునే అవకాశం అండం విడుదలైన 6వ రోజు నుంచి 10వ రోజు దాకానే. గర్భం నిలిస్తే తొలి వారాల్లో పిండానికి తిండి పెట్టేదీ, మాయ మరీ లోతుకు దిగకుండా కాసేదీ ఈ పొరే.

మరి ఊడిన పొర మళ్లీ ఎలా వస్తోంది? దాని అడుగు భాగం ఊడదు కనుక. గోంగూర పైపైన తుంచుకుంటే మళ్లీ చిగురిస్తుంది, మొదలంటా పీకేస్తే రాదు. ఇదీ అంతే. అబార్షన్ తర్వాతో, కాన్పులో మాయ ముక్క మిగిలిందనో గర్భసంచిని గట్టిగా గీకితే (డీ అండ్ సీ) అడుగు పొర దెబ్బతిని, లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. 1948లో దీన్ని వివరంగా రాసిన జోసెఫ్ ఆషర్‌మన్ పేరే ఈ జబ్బుకు స్థిరపడింది. హిస్టరోస్కోపీతో లోపల చూస్తూ ఆ అతుకులను కత్తిరిస్తారు గానీ అందరికీ పొర మునుపటిలా పెరగదు. తొలి నెలల అబార్షన్‌కు గీకే పద్ధతి మాని మాత్రలో, వాక్యూమ్ పద్ధతో వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. అయినా గర్భసంచి 'కడిగిస్తే' పిల్లలు పుడతారనే పెద్దలు ఇంకా ఉన్నారు.

ఐవీఎఫ్‌కు ముందు పొరను కాస్త గీరితే మంచిదన్న ప్రచారమూ కొన్నాళ్లు నడిచింది. 1,364 మంది మహిళలపై చేసి 2019లో వెలువరించిన అధ్యయనంలో గీరినా, గీరకపోయినా బిడ్డ పుట్టింది నూటికి 26 మందికే!

మన దేశంలో టీబీని కూడా అనుమానించాలి. దగ్గు లేకుండానే ట్యూబుల్లోకి, అక్కడి నుంచి ఈ పొరలోకి చేరుతుంది. రుతుస్రావం నెలనెలా తగ్గిపోతుంటే ఊరుకోకూడదు. మందులతో టీబీ నయమైనా, ఆలస్యమైతే పోయిన పొర తిరిగి రాకపోవచ్చు.

ఇక సిజేరియన్. కోత మచ్చ దగ్గర ఈ పొర సరిగా ఉండదు. తర్వాతి కాన్పులో మాయ అక్కడ అంటుకుంటే కండరంలోకి చొచ్చుకుపోయి, ఊడిరాక, రక్తం విపరీతంగా పోతుంది. ప్రాణం దక్కించడానికి గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. ముహూర్తం చూసి కోత పెట్టించుకునే కుటుంబాలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. పాత కోత ఉన్నవారు మళ్లీ నెల తప్పితే, స్కానింగ్‌లో పిండం ఎక్కడ కుదురుకుందో, తర్వాత మాయ మచ్చ మీదికి వచ్చిందేమో డాక్టర్‌ను తప్పక అడగాలి.